సీసాలో నేను చెరిపేసిన గాజు పెచ్చులు

రిటైరై రెండేళ్లు దాటినా నాకు ఇంకా ఫోన్లు వస్తుంటాయి. కంప్యూటర్‌లో బొమ్మలు చేసే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు చేస్తారు. అందరూ అడిగేది దాదాపు ఒకటే. "సార్, గాజు గ్లాసు రెండర్ చేస్తుంటే బొమ్మంతా చుక్కలు చుక్కలుగా వస్తోంది, ఏం చేయమంటారు?" ఏది పెంచాలో, ఏది తగ్గించాలో ఓపిగ్గా చెబుతాను. ఫోన్ పెట్టేశాక మాత్రం కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాదు. ఆ చుక్కలు తీయడంలో నా అంత పనివాడు ఈ చుట్టుపక్కల లేడని ఒకప్పుడు నేనే చెప్పుకుని తిరిగాను. ఆ పనితనమే ఒక మనిషి బతుకుతెరువు మీదికి వచ్చింది. తప్పు కంప్యూటర్ మీదికి తోసేయొచ్చు గానీ, అబద్ధం ఆడింది నా నోరు. అందుకే ఇది రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు.

నా చదువు పదో తరగతితో సరి. నరసరావుపేటలో ఒక ఫోటో స్టూడియోలో టచింగ్ పనికి కుదిరాను. ఇప్పటి వాళ్లకు తెలియదు గానీ, అప్పట్లో నెగెటివ్ మీద సూదిలాగా చెక్కిన పెన్సిలుతో గీసి మొహం మీది మచ్చలు పూడ్చేవాళ్లం. ప్రింటు మీద తెల్ల చుక్క పడితే సన్న బ్రష్షుతో రంగు అద్దేవాళ్లం. మా ఓనరు భూతద్దం పెట్టి చూసేవాడు. ఒక్క చుక్క మిగిలినా "కళ్లా, కంతలా?" అనేవాడు. ఆ మాట పడకూడదని చుక్క కనపడితే చాలు తీసేయడం అలవాటు చేసుకున్నాను. అది చేతికి పట్టిన అలవాటు. తలతో పనిలేదు.

ఒకసారి పిడుగురాళ్ల నుంచి సున్నపుబట్టీ వాళ్లు చనిపోయిన పెద్దాయన ఫోటో తెచ్చి పెద్దది చేయమన్నారు. మొహం నిండా స్ఫోటకం మచ్చలు. మూడు రోజులు కూర్చుని ఒక్కటి లేకుండా పూడ్చేశాను. కొడుకు వచ్చి చూసి, "ఈయనెవరు?" అన్నాడు. మీ నాన్నగారే అన్నాను. "మచ్చలు లేకపోతే మా నాయన ఎట్టవుతాడయ్యా?" అని ఫోటో బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు. స్టూడియోలో అందరం ఆ సంగతి చెప్పుకుని ఏడాది పాటు నవ్వుకున్నాం. నవ్వే బదులు నేర్చుకుని ఉంటే ఇవాళ ఈ రాత ఉండేది కాదు.

తర్వాత నెగెటివ్‌లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. హైదరాబాద్ వెళ్లి ఒక కంపెనీలో పాతికేళ్లకు పైగా గ్రాఫిక్స్ పని చేశాను. ప్రకటనల కోసం కూల్‌డ్రింక్ సీసాలు, అత్తరు సీసాలు, కారు అద్దాలు, ఇలా వెలుగు దూరిపోయే వస్తువు ఏదొచ్చినా నాకే ఇచ్చేవాళ్లు. చివరి ఏడేళ్లు ఆ కంపెనీ నరసరావుపేటలో చిన్న శాఖ తెరిచి నన్ను పెద్దను చేసి పంపింది. ఒక బ్యాంకు పైన రెండో అంతస్తు, పన్నెండు మిషన్లు, తొమ్మిది మంది మనుషులు. ఊళ్లో నాకు మర్యాద బాగానే ఉండేది. టీ కొట్టు దగ్గర "కంప్యూటర్ సినిమాలు తీసే సారు" అనేవాళ్లు. నేనేమీ సినిమాలు తీయలేదు, అయినా కాదనలేదు.

ఆ తొమ్మిది మందిలో ఈపూరు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. మాట తక్కువ, చూపు ఎక్కువ. గాజుకు లైటింగ్ పెట్టడంలో నా తర్వాత ఆమే. నిజం చెప్పాలంటే అప్పటికే నాకంటే బాగా చేసేది. ఆ మాట అప్పుడు ఒప్పుకోలేదు.

అప్పుడు వచ్చింది ఇంజెక్షన్ సీసాల పని. హైదరాబాద్ అవతల ఒక మందుల ఫ్యాక్టరీ. అక్కడ ఇంజెక్షన్ సీసాలను మనుషులు ఒక్కొక్కటే పట్టుకుని, వెనక ఒకసారి నల్లటి అట్ట, ఒకసారి తెల్లటి అట్ట ఉంచి, తిప్పి చూస్తారు. మందులో నలకగానీ, దారప్పోగుగానీ, గాజు పెచ్చుగానీ కనపడితే పక్కన పెట్టేస్తారు. మనిషి నరంలోకి వెళ్లే మందు, తమాషా కాదు. ఆ పని నేర్పడానికీ, పాతవాళ్లకు ఏడాదికోసారి పరీక్ష పెట్టడానికీ కంప్యూటర్ మీద నడిచే క్లిప్పులు కావాలన్నారు. ఒక్కో క్లిప్పులో ఒక సీసా మెల్లగా తిరుగుతుంది. చూసేవాళ్లు బాగుంటే ఒక మీట, బాగోకపోతే రిజెక్ట్ మీట నొక్కాలి. ఏ సీసాలో ఏ దోషం పెట్టామో ఆ జాబితాయే జవాబుల పట్టిక.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. గాజును బొమ్మ చేయాలంటే, అంటే రెండర్ చేయాలంటే, కంప్యూటర్ వెలుగు వచ్చే దారుల్ని లాటరీ తీసినట్టు వెతుక్కుంటూ పోతుంది. గోడైతే తొందరగా తేలిపోతుంది. గాజు దగ్గర దారి వంగుతుంది, మందులోకి దిగుతుంది, అవతలి గాజులోంచి బయటికొస్తుంది, దీపానికి తగిలితే తగులుతుంది, లేకపోతే లేదు. తగిలిన చోట తెల్ల చుక్క, తగలని చోట నల్ల చుక్క. దీన్నే మేము నాయిస్ అంటాం. ఎక్కువసార్లు వెతకనిస్తే అన్నీ సర్దుకుని నున్నటి గాజు వస్తుంది. కానీ చుక్కలు సగానికి తగ్గాలంటే నాలుగింతల సేపు పడుతుంది. అంత ఓపిక లేనివాళ్ల కోసం డీనాయిజర్ అని ఒక ప్రోగ్రాం ఉంది. అది ప్రతి చుక్కనూ చుట్టుపక్కల చుక్కలతో, ముందు వెనక ఫ్రేములతో పోల్చి చూస్తుంది. ఒంటరిగా మెరిసినదాన్ని చెత్త కింద లెక్కేసి తుడిచేస్తుంది.

మాకు ఆ పని ఒప్పజెప్పింది ఏప్రిల్ చివర. మే నెలలో పల్నాడు ఎండ ఎట్టా ఉంటుందో రెంటచింతల పేరు విన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏసీలు రెండూ చేతులెత్తేశాయి. మిషన్లు వేడెక్కి మధ్యాహ్నానికి వాటంతటవే ఆగిపోయేవి. కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టాం, కూలర్లు అద్దెకు తెచ్చాం. అయినా క్లిప్పు పూర్తయ్యేలోపు రెండుసార్లు కరెంటు పోయేది. గడువు దగ్గరికొస్తోంది. తక్కువసార్లు వెతికించి, మిగతాది డీనాయిజర్ మీద పెట్టమన్నాను. అదీ ఒక్క చుక్క మిగలకుండా బాగా బిగించి పెట్టమన్నాను.

ఈపూరు అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, గాజు పెచ్చు కూడా చుక్కలాగే ఉంటది గదా. సీసా తిరిగినప్పుడు ఒక్క ఫ్రేములో తళుక్కుమని పోతంది. ఏది నాయిస్, ఏది పెచ్చు అని డీనాయిజర్‌కి ఎట్టా తెలుస్తంది?"

"పది క్లిప్పులు చూశాను, అద్దంలా ఉన్నాయి" అన్నాను.

"పెచ్చుల్ని విడిగా రెండర్ చేసి, డీనాయిజర్ తగలకుండా తర్వాత కలుపుదాం సార్. నాలుగు రోజులు ఎక్కువ పడతంది, అంతే."

"నాలుగు రోజులు ఎక్కడి నుంచి తేను? చుక్కలతో ఇస్తే క్లయింట్‌కి మొహం చూపించగలమా?"

"చుక్కలు ఉంటే ఉన్నాయిలే సార్..."

"ఏందమ్మా, నాకు గాజు నేర్పుతున్నావా?" అన్నాను. ఆఫీసులో అందరూ తలలెత్తి చూశారు. ఆమె తల దించుకుని తన కుర్చీలోకి వెళ్లిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

పంపించే ముందు అన్ని క్లిప్పులూ నేనే చూశాను. అబద్ధం కాదు, ఒక్కొక్కటీ పెద్దది చేసి మరీ చూశాను. అయితే నేను ఏం వెతికాను? ఎక్కడైనా చుక్క మిగిలిందా అని వెతికాను. మిగల్లేదు. భేష్ అనుకుని సంతకం పెట్టాను. పెచ్చు ఉండాల్సిన చోట పెచ్చు ఉందా అని చూడాలన్న ఆలోచనే రాలేదు. ముప్ఫై ఏళ్లకు పైగా చుక్క తీయడమే పనిగా బతికినవాడు చేసే తప్పు అది. కొత్తగా చేరిన పిల్లవాడిని కూర్చోబెట్టినా, "సార్, ఇందులో ఏమీ లేదే" అని ఉండేవాడు.

నెలన్నర తర్వాత ఫ్యాక్టరీ ట్రైనింగ్ ఆఫీసరు ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు, నెమ్మదిగా మాట్లాడతాడు. "మా సీనియర్లు కొంతమంది గాజు క్లిప్పుల్లో ఫెయిలవుతున్నారు సార్. భయంతో అనుమానం వచ్చినదల్లా రిజెక్ట్ కొట్టే కొత్తవాళ్లేమో పాసవుతున్నారు. మీ వైపు ఒకసారి చెక్ చేస్తారా?" అన్నాడు.

ఆ అమ్మాయి మాట అప్పుడన్నా గుర్తు రావాలి. వచ్చింది కూడా. వచ్చిందనే కోపం వచ్చింది. "ఏళ్ల తరబడి సీసాల్లోకి చూసిన కళ్లు సార్, మందగించి ఉంటాయి. మా క్లిప్పుల్లో వంక లేదు" అన్నాను. ఆయన నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు, గాజు విషయంలో నా పేరు అంతటిది.

ఇంకో పది రోజులకు మళ్లీ చేశాడు. ఒకావిడ మూడుసార్లు తప్పిందనీ, వాళ్ల రూలు ప్రకారం సీసాలు చూసే లైను నుంచి తీసేయాలనీ, ఆవిడ మాత్రం ఆ పెచ్చు ఎక్కడుందో చూపిస్తే గానీ ఒప్పుకోనంటోందనీ చెప్పాడు. "మీరే వచ్చి ఒకసారి చూపిస్తే మాకూ గొడవ తీరుతుంది" అన్నాడు. సరే చూపిద్దాం, ఎంతసేపు పని అని బయలుదేరాను.

ఫ్యాక్టరీలో ఒక చిన్న గది. బల్ల మీద కంప్యూటర్. తెల్లకోటు, తలకు టోపీ పెట్టుకున్న ఆవిడ నిలబడి ఉంది. ముప్ఫై అయిదేళ్లు ఉంటాయి. కళ్లకు కొత్త జోడు. ఇంకా అలవాటు కాలేదేమో, మాటిమాటికీ పైకి తోసుకుంటోంది. నేను మంచినీళ్లు అడిగితే నా మాటలో యాస పట్టేసింది.

"మీది మా వైపేనా బాబాయ్?"

"నరసరావుపేట అమ్మా."

ఆమె మొహం విచ్చుకుంది. "మాది కారంపూడి దగ్గర బాబాయ్. మా ఆయన ఇక్కడే డ్రైవరు. ఎనిమిదేళ్ల నుంచి సీసాలే చూస్తన్నా. ఒక్క మాట రాలా నా మీద. ఈ కంప్యూటర్లో మాత్రం గాజు పెచ్చు నాకు కనపడట్లా. ఎక్కడుందో మీరొకసారి చూపిచ్చండి, నేర్చుకుంటా."

మనవాడు దొరికాడన్న ధైర్యం ఆ మాటల్లో నాకు తెలుస్తూనే ఉంది. నా చేతిలో జవాబుల పట్టిక ఉంది. పద్నాలుగో క్లిప్పు, అడుగున ఎడమ పక్క, రెండో సెకను. క్లిప్పు నడిపించాను. సీసా తిరిగింది. ఏమీ కనపడలేదు. మళ్లీ నడిపించాను. ఫ్రేము ఫ్రేముగా ముందుకూ వెనక్కూ తిప్పాను. నున్నటి గాజు, తేటగా మందు. నా జీవితంలో నేను చేసిన అన్నిటికంటే శుభ్రమైన సీసా అది. అందులో పెచ్చు లేదు.

ఏం జరిగిందో ఆ క్షణంలోనే మొత్తం అర్థమైంది. ఈపూరు అమ్మాయి చెప్పిన ప్రతి మాటా అర్థమైంది. పక్కన ఆఫీసరు నిలబడి ఉన్నాడు. ఇటు ఆవిడ వంగి చూస్తోంది. "పొరపాటు మాది" అంటే మూడు మాటలు కూడా కాదు, రెండు. ఆ రెండు మాటలు అంటే నా పేరు పోతుంది, ఫోన్లో పలికిన గొప్పలు పోతాయి, బహుశా మా శాఖ కూడా పోతుంది. ఇవన్నీ తర్వాత కూర్చుని చెప్పుకున్న సాకులు. ఆ నిమిషంలో ఉన్నది సిగ్గు ఒక్కటే.

వేలు పెట్టి తెర మీద చూపించాను. "ఇదిగో, ఇక్కడ."

ఆమె ఇంకా దగ్గరికి వంగింది. జోడు తీసి కోటు అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. నా వేలు ఉన్న చోటే చూసింది. తర్వాత తెర వదిలేసి నా మొహంలోకి చూసింది.

"మీకు కనపడతందా బాబాయ్?"

"కనపడుతోందమ్మా. సన్నగా ఉంది."

"అయితే నా కళ్లే పోయినయ్యన్నమాట" అంది. గొడవ చేయలేదు, ఏడవలేదు. కాయితం ఇస్తే సంతకం పెట్టింది. ఆఫీసరు నాకు చేయి కలిపి, శ్రమ తీసుకుని వచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పాడు.

బయట వరండాలో చెప్పులు వేసుకుంటుంటే ఆమె మళ్లీ వచ్చింది. నన్ను నిలదీయడానికేమో అనుకున్నాను. కాదు. చిన్నగా చెప్పింది. "లోపల నాతో చేసేవాళ్లు ఫలానా నంబర్లు రిజెక్టు కొట్టు, పాసైపోతావు అన్నారు బాబాయ్. వాళ్లందరూ నంబర్లు బట్టీ పట్టే పాసయ్యారు. నాకు మనసు ఒప్పలా. కనపడంది కనపడిందని ఎట్టా కొట్టను? రేపు నిజం సీసా దగ్గర గూడా అదే అలవాటైతే?"

రెండోసారి అవకాశం అది. వరండాలో మేమిద్దరమే ఉన్నాం. ఆఫీసరు లేడు, పరువు పోయేది ఏమీ లేదు. నేను "మంచి పని చేశావమ్మా" అన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే నా నాలుక కోసుకోవాలనిపించేది ఆ మాటకే.

నరసరావుపేట వచ్చి, ఈపూరు అమ్మాయిని పిలిచి పాత ఫైళ్లు తీయించాను. డీనాయిజర్ పెట్టకముందు బొమ్మా, పెట్టిన తర్వాత బొమ్మా పక్కపక్కన పెట్టింది. గాజు పెచ్చులు ఉండాల్సిన క్లిప్పుల్లో ఎక్కువభాగం పెచ్చులు లేవు. దారప్పోగులూ, నల్ల నలకలూ క్షేమంగా ఉన్నాయి. మెరిసేవి మాత్రమే మాయమయ్యాయి. "చెప్పాగా" అని ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే తేలికపడేవాడిని. ఆమె మొదట చెప్పిన పద్ధతిలోనే పెచ్చుల్ని విడిగా చేసి కలిపాం. నాలుగు రోజులు కూడా పట్టలేదు, మూడు రోజుల్లో అయిపోయింది.

కొత్త క్లిప్పులు పంపుతూ మెయిల్ నేనే రాశాను. మరింత స్పష్టత కోసం మెరుగుపరిచాం, పాతవాటి బదులు వీటిని వాడగలరు అని రాశాను. పాతవి తప్పని రాయలేదు. ఆ మెయిల్ ఈపూరు అమ్మాయికి కూడా కాపీ వెళ్లింది.

"ఫెయిలైనవాళ్ల సంగతేంది సార్?" అంది.

"అది వాళ్ల కంపెనీ చూసుకుంటుంది."

"వాళ్లకి తెలిస్తే గదా చూసుకునేది."

నేను స్క్రీన్ వైపు తిరిగిపోయాను. ఆ తర్వాత ఏడాది ఆమె నా దగ్గరే పనిచేసింది. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. ఒక్కసారి కూడా నా బల్ల దగ్గరికి వచ్చి సలహా ఇవ్వలేదు. మంచి ఉద్యోగం దొరికి వెళ్లిపోయే రోజున అందరికీ స్వీట్లు పంచింది, నాకూ ఇచ్చింది. అంతే.

ఆఫీసరు ఒకసారి ఫోన్ చేసి కొత్త క్లిప్పులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. ఆవిడ ఎట్టా ఉందని అడిగాను. ప్యాకింగ్‌లోకి మార్చారనీ, రెండు నెలలు చేసి మానేసి, మొగుడితో సహా ఊరికి వెళ్లిపోయిందనీ చెప్పాడు. "అలాగా" అన్నాను. అప్పుడు చెప్పినా బాగుండేది. పిలిపించి మళ్లీ లైనులో పెట్టుకునేవాళ్లేమో. నేను అలాగా అని ఊరుకున్నాను. తర్వాత రిటైరయ్యాను. దండలు వేశారు, శాలువా కప్పారు. చుక్క లేని పని అని ఎవరో పొగిడారు. చప్పట్లు కొడుతుంటే తలెత్తలేకపోయాను.

పోయినేడు నా కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు నర్సు అక్షరాల అట్ట చూపించి చదవమంది. కింది వరుస మసకగా ఉంది. ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. ఊహించి చెప్పాను. "నిజంగా కనపడిందా, ఊరికే చెప్పారా?" అంది నర్సు. జవాబు నాకే తెలియలేదు. కళ్ల ముందున్నది ఉందో లేదో తెలియకపోతే ఎంత భయమేస్తుందో ఆ కుర్చీలో కూర్చుంటే తెలిసింది. ఆ భయాన్ని నేను ఒక మనిషికి చేతులారా ఇచ్చి వచ్చాను. వారం తిరక్కుండా కారంపూడి బస్సెక్కాను.

ఆఫీసరును అడిగి ఊరి పేరు తెలుసుకున్నాను. కారంపూడిలో దిగి ఆటో పట్టుకున్నాను. ఊళ్లో ఇంజెక్షన్ల కంపెనీలో పనిచేసి వచ్చిన కోడలు ఎవరంటే ఇల్లు చూపించారు. పంచలో కూర్చుని చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. కళ్లకు అదే జోడు. పక్కన ఆమె అత్త మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నన్ను చూడగానే లేచింది.

"మీరు పేట బాబాయ్ గదూ? ఏంది ఇట్టా వచ్చారు? రండి, కూర్చోండి."

మంచం వాల్చింది, మజ్జిగ తెచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకునే చెప్పేశాను. తాగితే చెప్పలేనేమోనని భయమేసింది. ఆ సీసాలో పెచ్చు లేదనీ, కంప్యూటర్ తుడిచేసిందనీ, అట్టా తుడిచేటట్టు పెట్టింది నేననీ, ఆ రోజు వేలు పెట్టి చూపించిన చోట ఏమీ లేదనీ చెప్పాను.

ఆమె జోడు పైకి తోసుకుంది.

"ఆ రోజు మీకు గూడా కనపళ్లా?"

"కనపళ్లేదమ్మా. నువ్వు చెప్పిందే నిజం."

అత్త చేతిలో మిరపకాయలు కింద పడేసింది. "ఏందయ్యా, ఇప్పుడొచ్చి చెప్తన్నావా? కళ్లు పోయినయ్యని ఎంత కుమిలిందో తెలుసా ఇది? గుంటూరులో ముగ్గురు డాక్టర్లకి చూపిచ్చాం. ఏం లేదమ్మా అని వాళ్లు మొత్తుకుంటే, వాళ్లకేం తెలుసు, అంత పెద్దాయనకి కనపడింది నాకు కనపళ్లా అని దీని పోరు. సూదిలో దారం ఎక్కియ్యటం గూడా మానేసింది."

"ఊరుకో అత్తా" అందామె.

"తిట్టనీయమ్మా" అన్నాను. "నేను ఆ కంపెనీకి ఉత్తరం రాస్తాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. నిన్ను మళ్లీ తీసుకోమంటాను."

"ఇప్పుడెందుకు బాబాయ్? సీసాలు ఇప్పుడు మిషన్లే చూస్తన్నయ్యంట. నాతో చేసినోళ్లు చెప్పారు." అంది. "ఆ వరండాలో చెప్పున్నా బాగుండేది. కోపమన్నా వచ్చేది. ఇన్నాళ్లూ నా కళ్లనే తిట్టుకున్నా."

నేను దణ్ణం పెట్టబోతే "పెద్దోళ్లు, అట్టా చెయ్యబాకండి" అని చేతులు పట్టుకుని ఆపింది. మజ్జిగ తాగమంది. నేను తాగుతుంటే కళ్లజోడు తీసి పక్కన పెట్టి, పంచ బయటికి ఎటో దూరంగా చూసింది. "పోనియ్యండి. నా కళ్లు మంచియ్యేనని తెలిసింది, అది చాలు" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు గుండెల మీద బరువు దిగినట్టే అనిపించింది. సిగ్గులేకుండా కొంచెం సంతోషపడ్డాను కూడా.

నేను బయలుదేరుతుంటే ఆమె మళ్లీ చేట ముందు కూర్చుంది. జోడు లేకుండానే రెండు రాళ్లు ఏరి పారేసింది. బియ్యాన్ని వేళ్లతో ఆ చివర నుంచి ఈ చివర దాకా నెరిపి చూసుకుంది. తర్వాత చేటను అత్త వైపు జరిపింది.

"అత్తా, ఒకసారి నువ్వు చూడు."

"నీ కళ్లు మంచియ్యేనని ఇప్పుడేగదే చెప్పాడాయన!"

"చెప్పాడులే అత్తా. అయినా ఒకసారి చూడు."